బెత్తెడు తక్కువ

ఫిబ్రవరి 6

చిరంజీవి లెక్కల పిచ్చోడికి,

కత్తెరత్తయ్య దీవెనలు. నేను క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది, కాదని రాస్తే నువ్వు ఉన్నపళంగా రైలెక్కేస్తావు. అందుకని ఆ వాక్యం వదిలేసి రెండోదాని నుంచి మొదలుపెడుతున్నాను.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పోయినసారి రాశాను కదా. ఇప్పుడు మిషను తొక్కినా వస్తోంది. ఒక పంట్లాం పక్క కుట్టు పూర్తయ్యేలోపు రెండుసార్లు ఆగుతున్నాను. గుండె డాక్టరు స్కాన్ తీసి, లోపల ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు. దాని రెండు రెక్కలూ కలవాల్సిన చోట సందు ఉందట, అందులోంచి నెత్తురు వెనక్కి కారుతోందట. "అంటే గుండీ ఊడిన చొక్కా అన్నమాట" అన్నాను. ఆయన "ఇంతకంటే బాగా నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

ఛాతీ కోసి కుట్టడానికి నా ఒంట్లో అంత ఓపిక లేదట. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఆ రెక్కల్ని చిన్న క్లిప్పుతో పట్టి ఉంచే పద్ధతి ఒకటి ఉందట. నా భాషలో టిచ్ బొత్తాం. నాలాంటివాళ్ళకి అది నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు, తేల్చడానికే ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని అడిగాడు.

ట్రయల్! నలభై ఏళ్ళుగా నేను జనానికి చెప్పే మాటే కదరా అది. "ఎల్లుండి ట్రయల్‌కి రండి." కచ్చా కుట్టు వేసి తొడిగి చూడటం, చంకలో పట్టేస్తే విప్పి మళ్ళీ కుట్టడం. నప్పకపోతే విప్పేస్తారు, ఇందులో భయమేముందని సంతకం పెట్టేశాను. ఒకమ్మాయి పదహారు పేజీలు చదివి వినిపించింది. నా కుడిచెవి సంగతి నీకు తెలుసు కదా, సగం వినపడలేదు. వినపడిన సగం బాగుంది.

తర్వాత కారిడార్‌లో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి నారింజ రంగు కోన్లు పెట్టి ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవమన్నారు. మధ్య దూరం ముప్పై మీటర్లు. నడిపించే ఫిజియో అమ్మాయి పక్కనే గడియారం పట్టుకుని నిలబడుతుంది గానీ ఒక్క ముక్క మాట్లాడదు, రూలట. మూడు వందల ఆరు మీటర్లు నడిచాను. గోడ పట్టుకోలేదు.

నువ్వు పదో తరగతిలో మీ బడికోసం కత్తిరించిన పరదా ఉంది చూడు, బెత్తెడు తక్కువ వచ్చింది, దాన్ని ఇప్పుడు మిషను మీద కప్పుతున్నాను. లెక్కల్లో నూటికి నూరు, కత్తెర పట్టిస్తే బెత్తెడు తక్కువ!

ఫోన్ చెయ్యకు. నాకు వినపడదు, నీకు అరవడం రాదు.

మీ కత్తెరత్తయ్య


ఫిబ్రవరి 15

అత్తయ్యా,

నమస్కారాలు తర్వాత. నీ ఉత్తరం ఆఫీసులో చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ ట్రయల్ లెక్కలు కట్టేది మా ఆఫీసే. పందొమ్మిది ఆస్పత్రుల నుంచి కాగితాలు మాకొస్తాయి. పేర్లుండవు, అంకెలే. వెంటనే మా పెద్దావిడ దగ్గరికెళ్ళి "మా మేనత్త ఇందులో చేరిందండీ" అని చెప్పేశాను. ఆవిడ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కళ్ళజోడు మీదుగా చూసి, ఆ మాట రిజిస్టర్లో రాయించి, నీ ఒక్కదాని కాగితాలు నా కంట పడకుండా పక్క సీటాయనకి అప్పగించింది.

అసలు సంగతి విను. మా ట్రయల్ మీ ట్రయల్ కాదు. ఇక్కడ విప్పి మళ్ళీ కుట్టడం ఉండదు. చేరినవాళ్ళలో సగం మందికే క్లిప్పు పెడతారు. మిగతా సగానికి మత్తిచ్చి, తొడ దగ్గర గొట్టం పెట్టి, ఏమీ చెయ్యకుండా తీసేస్తారు. ఎవరికి ఏదన్నది కంప్యూటరు వేసే చీటీని బట్టి ఉంటుంది. నీకు తెలియదు, నడిపించే అమ్మాయికి తెలియదు, నాకూ తెలియదు. అందరి లెక్కా ముగిశాకే చెబుతారు. ఇది మోసం కాదు అత్తయ్యా. ఏదో చేశారనుకుంటేనే మనిషికి సగం నయమైనట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడం ఎంత, క్లిప్పు చేసింది ఎంత అని విడదీయాలంటే వేరే దారి లేదు.

నువ్వు మళ్ళీ వెళ్ళి ఆ పదహారు పేజీలూ ఎడమచెవి వైపు చదివించుకో. ఇష్టం లేకపోతే బయటికి వచ్చెయ్, ఎవరూ ఏమీ అనరు.

ఇంకొక్క మాట. ఇకనుంచి నీ గుండె సంగతి నాకు రాయకు. దయచేసి.

నీ మేనల్లుడు


మార్చి 3

శ్రీ మేనల్లుడుగారికి,

తమరు గుండె సంగతి రాయవద్దని సెలవిచ్చారు. చిత్తం. నీ మొదటి నిక్కరు కుట్టినదాన్ని, దాని జేబులో గోళీలు పోసినదాన్ని నేనే. ఇప్పుడు నా గుండె తమరికి అక్కర్లేనిది అయిపోయింది. కలికాలం!

పేజీలన్నీ ఎడమచెవి వైపు చదివించుకున్నాను. రెండోసారీ సంతకం పెట్టాను. ఎందుకో చెబుతాను. కొలత తీయకుండా గుడ్డ మీద కత్తెర పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వీళ్ళు ముందు కొలుస్తాం, తర్వాతే జనం మీద కత్తెర పెడతాం అంటున్నారు. అది నాకు నచ్చింది. చీటీ పడితే పడుతుంది, లేకపోతే లేదు.

అయిపోయింది. మెలకువ వచ్చేసరికి తొడ మీద కట్టు ఉంది. ఇంతకంటే రాయను. తమరి ఆజ్ఞ.

తమ విధేయురాలు,
కత్తెరత్తయ్య


మే 14

ఒరేయ్,

ఇది గుండె సంగతి కాదు, నేల సంగతి. కాబట్టి రాయొచ్చు.

ఆస్పత్రి కారిడార్‌కి పోయినవారం కొత్త పలకలు వేశారు. తెల్లగా మెరిసిపోతున్నాయి, కాలు పెట్టాలంటే మొహమాటంగా ఉంది. పాత నేలతోపాటు కోన్లు పెట్టే గీతలు కూడా పోయాయి. నిన్న మూడునెలల పరీక్షకి వెళ్ళేసరికి ఫిజియో అమ్మాయి స్టీలు టేపు కోసం గదిగది తిరుగుతోంది. పలకలు వేసినవాళ్ళు పట్టుకుపోయారో, ఎవరు పట్టుకుపోయారో. బెంచీ మీద ఏడుగురం కూర్చుని ఉన్నాం. "అమ్మాయ్, మీటర్లే కదా కావాల్సింది, ఇదిగో" అని మెడలో టేపు తీసి ఇచ్చాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, నూటయాభై సెంటీమీటర్ల టేపుని ఇరవైసార్లు పరిచి, రెండు చివర్లా ఎర్ర పట్టీలు అంటించింది. ఈలోపు నన్ను నెత్తురు తీయడానికి పిలిచారు, లేకపోతే నేనే వంగి పరిచేదాన్ని.

చూశావా! లెక్కల్లో నువ్వెంత గొప్పవాడివైనా, మీ పరిశోధన నిలబడింది నా టేపు మీద. వెయ్యి కోట్లు కొలిచిన టేపురా అది. కోట్లంటే తొడుక్కునేవి.

పై వీధి దర్జీ దుకాణం మూసేశాడు. కొడుకు రెడీమేడ్ బట్టలు అమ్ముతాడట. "చేతికొలత కాలం పోయింది పిన్నీ" అన్నాడు. ఆస్పత్రికి వచ్చి చూడమన్నాను.

కోపం సగం తగ్గిన,
అత్తయ్య


మే 25

అత్తయ్యా,

కోపం సగమే తగ్గిందంటే మిగతా సగం బాకీ ఉందన్నమాట. ఉండనీ.

నీ టేపుకి మా ఆఫీసు తరఫున దండం. ఇక్కడ పందొమ్మిది ఆస్పత్రుల అంకెలు చూసిచూసి కళ్ళు లాగేస్తున్నాయి. పైగా నా సీటు పడమటి కిటికీ పక్కన. మధ్యాహ్నం ఎండ తెరమీద పడితే మూడు ఎనిమిదిలా, ఎనిమిది మూడులా కనిపిస్తుంది. పరదా వెయ్యమని రెండేళ్ళుగా అడుగుతున్నాను.

వేళకి మందులు వేసుకో. ఇది గుండె సంగతి కాదు, బుద్ధి సంగతి.

నీ మేనల్లుడు


సెప్టెంబర్ 3

నాన్నా,

నన్ను తిట్టు, రిజిస్టర్లో రాయించు, ఏమైనా చేసుకో. ఇది కడుపులో దాచుకోలేను.

ఆరునెలల నడక అయింది. సరిగ్గా పదకొండు పొడవులు! పదకొండోసారి కోన్ దగ్గరికి చేరేసరికి అమ్మాయి గడియారం మోగింది. పదకొండు ముప్పైలు మూడు వందల ముప్పై. ఆరోజు మూడు వందల ఆరు, ఈరోజు మూడు వందల ముప్పై. బెంచీ మీద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరిని అడిగినా ఇరవై పెరిగింది, పాతిక పెరిగింది అంటున్నారు. అమ్మాయి మాట్లాడకూడదు గానీ, నవ్వకూడదని రూల్లో లేదట.

టిచ్ బొత్తాం పడిందిరా నాకు. నాకు తెలుస్తోంది. పొద్దున్నే ఎడమవైపు చెయ్యి పెట్టుకుంటే పట్టి ఉంచినట్టు ఉంటుంది. మెట్ల దగ్గర ఇంకా రెండుసార్లు ఆగుతున్నాను, కానీ అది మెట్ల తప్పు. వాటిని కట్టినవాడికి కొలత తెలియదు.

పట్టరాని సంతోషంతో,
కత్తెరత్తయ్య


అక్టోబర్ 10

అత్తయ్యా,

ఒక్కటే అడుగుతాను, ఎందుకని అడగకు. ఇప్పుడు చెప్పలేను.

మే నెలలో నువ్వు రాసిన ఆ టేపు ఏ టేపు? నీ పాతదేనా? ఇప్పుడెక్కడ ఉంది? జాగ్రత్తగా దాచు. ఎవరికీ ఇవ్వకు. జవాబు వెంటనే రాయి, ఎక్కువ వ్యవధి లేదు.

నీ మేనల్లుడు


అక్టోబర్ 16

నాయనా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అర్థమైంది.

మీ కంప్యూటర్లో నా సంగతేదో తేలింది. ఎక్కువ వ్యవధి లేదని నువ్వే రాశావు. నేను పోతున్నాను, నీకు చెప్పడానికి నోరు రావడం లేదు. పోయేలోపు గుర్తుగా టేపు అడుగుతున్నావు. నాకు పెద్ద ఆస్తి లేదు గానీ, మిషను అడగకుండా టేపు అడిగావు చూడు, అందుకే నువ్వంటే ప్రాణం.

సరే, రాసుకో. టేపు నీకు. పెద్ద కత్తెర నా దగ్గర పని నేర్చుకున్న పిల్లకి. మిషను ఎవరికీ ఇవ్వను, ఇంకా ఆలోచిస్తున్నాను.

ఏ టేపు అని అడగడమేమిట్రా? నా దగ్గర ఉన్నదే ఒక్కటి. తల లేని టేపు. ముప్పై ఏళ్ళ కిందట మొదటి పది సెంటీమీటర్లూ చీకిపోయి నూలుపోగులైతే కత్తిరించి పారేశాను. పది దగ్గర మొదలవుతుంది. నాకేం ఇబ్బంది లేదు, చెయ్యి దానంతటదే పది కలుపుకుంటుంది. నీకు తెలియదా? బడివాళ్ళు రాసిచ్చిన కొలతకి నువ్వు ఆ టేపుతో గుడ్డ కత్తిరించబట్టే కదా, పరదా బెత్తెడు తక్కువ వచ్చింది. ఆరోజు నీ వీపు మోగించినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఎన్నాళ్ళుందో ఉన్నదున్నట్టు రాయి. ఒప్పుకున్న పనులు తొమ్మిదున్నాయి. జనానికి ముందే చెప్పాలి.

అత్తయ్య


నవంబర్ 4

అత్తయ్యా!

ముందు ఆ వీలునామా చింపెయ్. నువ్వు ఎక్కడికీ పోవడం లేదు. నువ్వు రాసింది తప్ప నీ ఆరోగ్యం గురించి నాకు ఒక్క అంకె కూడా తెలియదు, ఒట్టు. నా చేతకాని ఉత్తరంతో నిన్ను అంత భయపెట్టినందుకు నా చెంపలు నేనే వేసుకున్నాను. ఇప్పుడు అనుమతి వచ్చింది, మొత్తం చెబుతాను.

మే నుంచి మీ ఆస్పత్రిలో నడిచిన ప్రతివాళ్ళకీ దూరం పెరిగింది. నలభై ఆరుగురికి నలభై ఆరుగురూ. ఒక్కరూ తగ్గలేదు. గుండె జబ్బువాళ్ళు అలా ఉండరు అత్తయ్యా, సగం మందికి క్లిప్పే లేదు. ఆ సంగతి పట్టుకున్నది నేనే. పరిశీలన సంఘంలో ఒకాయన "మసిపూసి మారేడుకాయ చేశారు" అనేశాడు. అంకెలు కూర్చుని రాసేశారని అందరి అనుమానం. మీ ఫిజియో అమ్మాయిని ఆ పని నుంచి ఆపారు. ఆస్పత్రినే లెక్కలోంచి కొట్టేద్దామన్నారు. కొట్టేస్తే మిగిలినవాళ్ళు చాలరు. ఐదేళ్ళ పని ఏ జవాబూ లేకుండా పోతుంది. క్లిప్పు మంచిదో కాదో ఎప్పటికీ తేలదు.

ఆ పొంతన కుదరని లెక్క ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. అందరి అంకెలమీదా ఇంచుమించు ఒకే పాలు అదనంగా కలిసినట్టుంది. అబద్ధం రాసేవాడు ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వేస్తాడు, ఇంత సమంగా వెయ్యడు. మనిషి కాదు, నేల అబద్ధమాడుతోందా అనిపించింది. నేల అనుకోగానే నీ ఉత్తరం గుర్తొచ్చింది, నీ టేపు గుర్తొచ్చింది, నా వీపు గుర్తొచ్చింది.

పెద్దావిడతో చెబితే "జ్ఞాపకాలు చెల్లవు. తేదీ వేసిన కాగితం ఉందా?" అంది. ఉంది! మే 14 ఉత్తరం, తపాలా ముద్రతో సహా కవరు, ఇరవైసార్లు పరిచిన లెక్కతో సహా. నీ అక్టోబరు జవాబు దాని పక్కన పెట్టాను. వీలునామా ఉన్న చోట కాగితం అడ్డం పెట్టాను గానీ, ఆవిడ తీసి చదివేసింది. చదువుతూ మొదటిసారి నవ్వింది. ఫోన్లో చెప్పి ఉంటే ఆ మాట గాలికి పోయేది అత్తయ్యా.

బయటివాళ్ళు ఇద్దరు స్టీలు టేపుతో మీ ఆస్పత్రికి వస్తున్నారు. నీ టేపుని రిజిస్టర్ పోస్టులో పంపు.

నీ మేనల్లుడు


నవంబర్ 11

నాన్నా,

నిన్న కొలిచారు. నేనక్కడే ఉన్నాను. ఎర్ర పట్టీ నుంచి ఎర్ర పట్టీకి ఇరవై ఎనిమిది మీటర్లు. ముప్పై కాదు. ఇద్దరూ మళ్ళీ కొలిచారు, మళ్ళీ ఇరవై ఎనిమిదే.

ఆ పిల్ల గోడకానుకుని నిలబడింది. ఏడుపు ఆపుకోవడానికి పై పెదవి కొరుక్కుంటోంది. నెలరోజులుగా దాన్ని దొంగని చూసినట్టు చూశారట. నేను ముందుకెళ్ళి అందరి ఎదుటా చెప్పాను. "టేపు నాది. తల లేదని నేను చెప్పలేదు. నాకు అలవాటై, లోకమంతటికీ తెలుసనుకున్నాను. ఈ పిల్ల ఉన్నదున్నట్టు కొలిచింది, ఉన్నదున్నట్టు రాసింది. తిట్టాలంటే నన్ను తిట్టండి, ఎడమచెవి వైపు నిలబడి తిట్టండి." వచ్చినవాళ్ళలో పెద్దాయన కాగితం మీద రాసుకుని నా చేత సంతకం పెట్టించాడు. ఆ పిల్ల వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం.

ఇంటికొచ్చాక పద్దుల పుస్తకం వెనక లెక్క వేసుకున్నాను. పదకొండు ఇరవై ఎనిమిదులు మూడు వందల ఎనిమిది. ఫిబ్రవరిలో మూడు వందల ఆరు.

రెండు మీటర్లురా. నా సంబరమంతా రెండు మీటర్లు.

సిగ్గుగా ఉంది. చప్పట్లు కొట్టినవాళ్ళ మొహం ఎలా చూడను? వాళ్ళ సంబరమూ నా టేపు చేసిన అల్లరే. మెట్ల తప్పు అని రాశాను చూడు, ఆ ఉత్తరం చింపెయ్.

టేపు ఇందులోనే పెట్టాను. ఆ పిల్ల ఉద్యోగం ఉంటుందా? అదొక్కటే రాయి. మిగతావి నాకొద్దు.

అత్తయ్య


మార్చి 20

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా!

ముందు నీ ప్రశ్నకి జవాబు. ఆ అమ్మాయి తన పనిలోకి ఎప్పుడో వచ్చేసింది, సంఘం క్షమాపణ ఉత్తరం కూడా రాసింది. ఈ ముక్క నవంబరులోనే రాశాను. నువ్వు మాత్రం నాలుగు నెలలుగా "చలి ఎక్కువ, పని ఎక్కువ" అని కార్డుముక్కలు రాస్తున్నావు. ఇప్పుడు వాటన్నిటికీ కలిపి నేను రాస్తాను.

డిసెంబరులో సంఘం కూర్చుంది. నీ టేపు బల్ల చుట్టూ చేతులు మారింది. మారేడుకాయ పెద్దమనిషి దాన్ని పట్టుకుని, మొదట్లో పది అన్న అంకె మీద వేలు పెట్టి పక్కాయనకి చూపించాడు. తర్వాత "మనిషిని అనేముందు నేలని కొలవాల్సింది" అన్నాడు. మే నుంచి నడిచిన ప్రతి నడకనీ ముప్పైకి ఇరవై ఎనిమిది చొప్పున సరిచేశాం. అలా చెయ్యగానే మీ ఆస్పత్రివాళ్ళు కూడా మామూలు మనుషులైపోయారు. కొందరు పెరిగారు, కొందరు తగ్గారు. నలభై ఆరుగురూ లెక్కలో నిలబడ్డారు.

మొన్న తాళం తీశాం. అంటే ఎవరికి క్లిప్పు, ఎవరికి కాదు అన్న చీటీల పట్టికని అంకెలతో కలిపాం. ప్రింటరు దగ్గర పదకొండుమంది నిలబడ్డాం. క్లిప్పు పెట్టినవాళ్ళు పెట్టనివాళ్ళకంటే సగటున ముప్పై ఎనిమిది మీటర్లు ఎక్కువ నడిచారు. ఆయాసంతో ఆస్పత్రిలో చేరినవాళ్ళు సగానికి సగం తగ్గారు. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. తర్వాత కుర్చీలో కూర్చుని "పనిచేస్తుంది" అంది. ఒక్కమాటే. పక్క సీటాయన బల్లెక్కాడు.

పనిచేస్తుంది అత్తయ్యా! ఛాతీ కోయించుకునే ఓపిక లేనివాళ్ళకి దారి దొరికింది. మీ నలభై ఆరుగురూ లేకపోతే ఈ మాట అనగలిగేవాళ్ళం కాదు. లెక్క వేసి చూశాను, చాలేది కాదు.

నీ కవరు నీకు ఈ వారంలో వస్తుంది.

ఎగిరి గంతులేస్తున్న నీ మేనల్లుడు


ఏప్రిల్ 2

నాన్నా,

మీరు గెలిచినందుకు చాలా సంతోషం. నీ ఉత్తరం డాక్టరుకి కూడా చదివి వినిపించాను.

నా కవరు వచ్చింది. నాకు ఏమీ పెట్టలేదట.

తెలిసిందే కదా, మూడు వందల ఎనిమిది అన్నప్పుడే తెలిసింది. అయినా కవరుని కుట్టు విప్పినట్టు మెల్లగా విప్పాను. నెలల తరబడి రోజూ పొద్దున్నే లేని బొత్తాన్ని తడుముకున్నాను చూడు, అది తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. పందెంలో అందరూ పరిగెత్తారు, నేను గట్టుమీద కూర్చున్నాను. పైగా టేపుతో అందరికీ అడ్డం పడ్డాను. నా వల్ల మీకు ఒరిగిందేముందని?

నీమీద కోపం లేదు. ఊరికే రాయాలనిపించింది.

అత్తయ్య


ఏప్రిల్ 9

అత్తయ్యా,

ఒరిగిందేముందని అడిగావు. విను, ఈసారి నీ భాషలోనే చెబుతాను.

తల తెగిన టేపుతో కొలిస్తే ఏమవుతుందో ఈ దేశం మొత్తంలో నీకూ నాకూ తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చివరి అంకె ఎంతైనా ఉండనీ, మొదలు ఎక్కడో తెలియకపోతే ఆ అంకెకి విలువ లేదు. మా లెక్కలో ఆ మొదలు నువ్వు. ఏమీ పెట్టకపోతే మనిషి ఎంత నడుస్తాడు అన్నదే మా టేపుకి సున్నా. నువ్వూ, నీలాంటివాళ్ళూ తొడమీద కట్టు కట్టించుకుని, పిలిచినప్పుడల్లా వచ్చి, ఏమీ లేకుండానే నిజాయితీగా నడిచారు. మీరు లేకపోతే మా ముప్పై ఎనిమిది మీటర్లు ఎక్కడినుంచి కొలవాలి? బెత్తెడు కాదు, మొత్తం టేపే చెత్తబుట్టలోకి పోయేది.

నువ్వు గట్టుమీద కూర్చోలేదు అత్తయ్యా. మా టేపుకి తల నువ్వే.

ఇంకో సంగతి, ఇది పదహారు పేజీల్లో పద్నాలుగో పేజీలోనే ఉంది. ఆ పేజీ వచ్చేసరికి నువ్వు కునుకు తీసి ఉంటావు. క్లిప్పు పనిచేస్తుందని తేలితే, పెట్టనివాళ్ళకి ముందుగా పెడతారు. డాక్టరు నీకు తేదీ ఇస్తాడు. ఇప్పుడు ట్రయల్ అయిపోయింది కాబట్టి, నీ గుండె సంగతి నాకు రాయొచ్చు. రాయి. గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటాను.

నీ మేనల్లుడు


జులై 18

చిరంజీవి లెక్కల పిచ్చోడికి,

కత్తెరత్తయ్య దీవెనలు. నేను క్షేమం. ఈ వాక్యం రాసి ఏడాదిన్నరైంది, అక్షరాలు కొత్తగా ఉన్నాయి. కాబట్టి ఇంకోసారి రాస్తాను. నేను క్షేమం.

ఏప్రిల్ చివర్లో టిచ్ బొత్తాం పెట్టారు. ఈసారి స్కాన్ తెర నావైపు తిప్పి చూపించారు. రెండు రెక్కల మధ్య అన్నం మెతుకంత ఉంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా రెక్కల్ని పట్టుకుని ఊగుతోంది. దాన్ని కుట్టినవాడి చేతికి మొక్కాలి. లోపలికి చూడకుండా, దారం లేకుండా, ఆగని గుడ్డ మీద బొత్తాం వెయ్యడం నావల్ల కాదు.

నిన్న నడక. ట్రయల్ అయిపోయింది కదా, ఎందుకన్నాడు డాక్టరు. "నాకు కావాలి" అన్నాను. ముందు నేలని కొలవమన్నాను. అమ్మాయి స్టీలు టేపు తెచ్చింది. ఒక చివర తను, ఒక చివర నేను పట్టుకున్నాం. టేపు మొదట్లో సున్నా ఉందా అని కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఉంది. ముప్పై అంటే ముప్పై.

నడిచాను. పదకొండు దాటినప్పుడు భయమేసింది, ఆయాసం మాత్రం లేదు. పన్నెండు అయింది. పదమూడు అయింది. గడియారం మోగేసరికి ఇంకో ఏడు మీటర్లు మీద ఉన్నాను. మూడు వందల తొంభై ఏడురా! బెంచీ మీదవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఈసారి ఆ చప్పట్లలో ఒక్క బెత్తెడు కూడా అబద్ధం లేదు. అమ్మాయికి ఇప్పుడు రూలు లేదు కదా, కారిడార్ అదిరేలా అరిచింది. నా కుడిచెవికి కూడా వినపడింది.

ఇంటికొచ్చి మెట్లు ఆగకుండా ఎక్కాను. పాపం, వాటిని కట్టినవాడు బాగానే కట్టాడు.

నా టేపు మీ పెద్దావిడ బల్లమీద అద్దం కింద పెట్టుకుంటానని అడిగిందని రాశావు. ఇవ్వను, పనిముట్టుని అద్దం కింద పెట్టకూడదు. తిరిగి పంపు. కొత్త టేపు నుంచి మొదటి పది సెంటీమీటర్లు కత్తిరించి పెట్టుకున్నాను, పాతదానికి దాన్నే తలగా కుట్టేస్తాను. ఆ తల తెగిన కొత్త టేపుని ఆవిడకి పంపుతాను, అద్దం కింద అదైనా ఒకటే.

ఈ పొట్లంలో నీ పదో తరగతి పరదా ఉంది. అడుగున బెత్తెడు గుడ్డ అతికి, అంచు మడిచి కుట్టాను. ఒక్క బిగిన, ఎక్కడా ఆగకుండా. నీ పడమటి కిటికీకి కట్టుకో, ఇకమీదట మూళ్ళు మూళ్ళలాగే కనిపించాలి. కట్టి చూసి రాయి. ఈసారి కూడా తక్కువ వస్తే తప్పు నాది కాదు, నీది కాదు, వెళ్ళి ఆ కిటికీని కొలువు.

మీ కత్తెరత్తయ్య